ఫ్యాటీ లివర్ ఉంటే అన్నం పూర్తిగా మానేయాల్సిందేనా?

పెన్నాగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు, స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్లో లెక్కలు రాస్తాను. పోయిన నెల కుడి డొక్క కింద బరువుగా ఉందని స్కానింగ్ చేయిస్తే ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) గ్రేడ్ 2 అని వచ్చింది. మందు అలవాటు లేదు, సిగరెట్ లేదు. బరువు 82, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 102. లివర్ రక్తపరీక్షల్లో ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు, రక్తంలో కొవ్వు (ట్రైగ్లిజరైడ్స్) 240, మూడు నెలల షుగర్ 6.1. డాక్టరుగారు రిపోర్టు చూసి బరువు తగ్గండి, స్వీట్లు, నూనె తగ్గించండి, నాలుగు నెలల తర్వాత రండి అన్నారు. ఎట్టా తగ్గాలో అడిగేలోపే తర్వాతి నంబరు పిలిచారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే గొడవ. కావలిలో ఉండే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "బావా, అన్నం పూర్తిగా మానెయ్, అదొక్కటే దారి" అంటాడు. మా అమ్మేమో "అన్నం మానేసి మనిషి ఎట్టా బతుకుతాడురా, మీ నాయన పోయేదాకా మూడు పూటలా బువ్వే తిన్నాడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఐదు రోజులు మానేసి చూశాను. రెండు పూటలా చపాతీ. ఆరో రోజు రాత్రి పదకొండింటికి లేచి, గిన్నె అడుగున మిగిలిన చల్లన్నంలో పెరుగు కలుపుకొని పొయ్యి గట్టు దగ్గర నిలబడే తినేశాను. అప్పటి నుంచి టెన్షన్ ఇంకా ఎక్కువైంది, నావల్ల కాదేమోనని.

నేను పొద్దస్తమానం బియ్యం బస్తాల మధ్య కూర్చునే మనిషిని. మా కొట్టు హమాలీలు నాకు రెండింతల అన్నం తింటారు, వాళ్ల పొట్టలు మాత్రం లోపలికే ఉంటాయి. మరి తప్పు అన్నందా, నా కుర్చీదా? కొలత పెట్టుకొని తింటే చాలని నాకనిపిస్తోంది. కానీ అది నా నాలుక చెప్పే మాటేమోనని భయంగా కూడా ఉంది. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు, తగ్గించుకున్నవాళ్లు చెప్పండి. మన వైపు వాళ్లయితే మరీ మేలు, ఓట్స్ లాంటివి మా ఇంట్లో నడవవు.

గిత్త (ఒంగోలు):

అన్నా, మీ బావమరిది చెప్పిందే కరెక్టు. మానేయాల్సిందే. కొలత అనే మాట వినడానికి బాగుంటుంది, నేనూ రెండేళ్లు కొలతే పెట్టుకున్నా, 94 కేజీల వాణ్ని 96 అయ్యా. ఎందుకో తెలుసా, మన భోజనం తీరే అట్లాంటిది. మొదట పచ్చడితో కొంచెం, తర్వాత పప్పుతో కొంచెం, పులుసుతో కొంచెం, చివర పెరుగన్నం. ఒక్కో రకానికీ ఒక్కో గరిటె అన్నం కావాలి. ఎక్కడ ఆపుతారు? పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం చేసినట్టే ఉండదు. నాలుగు "కొంచెం"లు కలిస్తే గిన్నెడు.

పోయిన ఏడాది సంక్రాంతి తెల్లారి నుంచి మానేశా. ఏడు నెలల్లో 96 నుంచి 81కి వచ్చా. ఎస్‌జీపీటీ 110 ఉన్నది 34 అయింది. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం గిన్నెడు కూర, దాంతో చేపో చికెనో, ఒక కప్పు పెరుగు, రాత్రి ఏడింటికల్లా ఉడికించిన శనగలు. మొదటి మూడు వారాలు నరకం చూశా, పక్కింట్లో కుక్కర్ విజిల్ వినపడితే నోట్లో నీళ్లూరేవి. తర్వాత ఆ యావ పోయింది. సిగరెట్ మానినవాడికి రోజుకు రెండు తాగమని ఎవరూ చెప్పరు కదా. నాకు అన్నం అట్లాంటిదే.

కోవూరు కోడలు:

గిత్త గారూ, మీరు తగ్గారంటే సంతోషం. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆ గుడ్లు, గిన్నెడు కూర, శనగలు వండింది ఎవరు? ఇంట్లో మిగతావాళ్లకు అన్నం, పప్పు వేరే వండింది ఎవరు? ఇక్కడ మగవాళ్లందరూ మానేశాను, తగ్గించాను అని రాస్తారు, రెండు వంటలు వండిన మనిషి సంగతి ఒక్కరూ రాయరు.

మా ఆయన కూడా మానేశారు. నలభై రోజులు. అన్నం బదులు పూటకు ఆరు చపాతీలు, ఒక్కోదానికీ నూనె. పొద్దున ఐదింటికి లేచి పిండి కలిపి, ఇటు పిల్లకాయలకు బాక్సులు, అటు అత్తయ్యకు మెత్తటి అన్నం. నలభై ఒకటో రోజు బుచ్చిరెడ్డిపాళెంలో పెళ్లికి వెళ్లారు, అక్కడ పలావు తిని ఇంటికొచ్చి "ఇంక నావల్ల కాదు" అన్నారు. తగ్గిన నాలుగు కేజీలూ రెండు నెలల్లో తిరిగొచ్చాయి.

ఆ తర్వాత ఆయన్ని అడక్కుండా నేనే కొన్ని మార్చాను. కూర రెండింతలు చేస్తున్నా, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏది చవగ్గా ఉంటే అది. ముందు ఆ కూర కంచంలో సగానికి వేసి, తర్వాతే అన్నం వడ్డిస్తాను. అన్నం గిన్నె పొయ్యి గట్టు మీదే ఉంటుంది, ముందుకు తీసుకురాను. కావాలంటే లేచి వెళ్లాలి. ఎవరూ లేవరు, నన్ను నమ్మండి. నూనె నలుగురికి నెలకు ఆరు లీటర్లు అయ్యేది, ఇప్పుడు మూడుతో సరిపోతోంది. వేపుళ్లు వారానికి ఒక్కసారి. ఎర్రగడ్డలు ఎర్రగా వేగాలంటే నూనె ఎక్కువ పోయాల్సిన పనిలేదు, మూతపెట్టి చిన్నమంట మీద ఉంచి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే వేగుతాయి.

ఏడాదిన్నరలో ఆయన 88 నుంచి 80కి వచ్చారు. మీ అంత వేగం కాదు. కానీ మళ్లీ పెరగలేదు, నేను రెండు వంటలు వండటం లేదు.

స్కానింగ్ గది (ప్రకాశం జిల్లా):

పద్నాలుగేళ్లుగా స్కానింగ్ సెంటర్లో పని చేస్తున్నాను, డాక్టర్ని కాదు, ఆ సంగతి ముందే చెప్తున్నా. అన్నం మానాలా వద్దా అని కొట్టుకునే ముందు లివర్ ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి కదా, ఆ మాటే ఎవరూ ఎత్తలేదు.

గ్రేడ్ 1, 2, 3 అని స్కానింగ్‌లో రాసేది కొవ్వు ఎంత కనపడుతోందన్న అంచనా మాత్రమే. లివర్ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు, కానీ మామూలు అల్ట్రాసౌండ్‌లో 20 శాతం లోపు కొవ్వు సరిగా దొరకదు. అసలు భయపడాల్సింది మచ్చకట్టడం గురించి, అంటే ఫైబ్రోసిస్. గ్రేడ్ 1 ఉన్నవాళ్లకూ అది ఉండొచ్చు, గ్రేడ్ 3 ఉన్నా లేకపోవచ్చు. గ్రేడ్ చూసి ఏడ్చేవాళ్లనీ చూశాను, గ్రేడ్ 1 కదా అని కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయేవాళ్లనీ చూశాను. రెండో రకం వాళ్లే ఎక్కువ.

పెన్నాగట్టు గారూ, మీ దగ్గరున్న అంకెలతోనే ఫిబ్-4 అనే లెక్క వేయొచ్చు. మీ వయసు 44ని ఎస్‌జీఓటీ 52తో గుణిస్తే 2288. ఎస్‌జీపీటీ 78కి వర్గమూలం 8.83, దాన్ని ప్లేట్‌లెట్లతో, అంటే వేలల్లో 240తో, గుణిస్తే దాదాపు 2119. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.08. ఇది 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే వెంటనే లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్, చేయిస్తారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు కింది హద్దు 2 అని తీసుకుంటారు. ఈ లెక్క మీ డాక్టరుగారికి చూపించండి, నా మాట మీద ఆగొద్దు.

ఇప్పుడు అన్నం సంగతి. లివర్‌లో చేరే కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో 2005లో కొలిచి చూశారు. దాదాపు 60 శాతం మన ఒంట్లో ముందే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తంలో కలిసి వచ్చేదే. పావు వంతు చక్కెర, పిండి పదార్థాల నుంచి లివర్ సొంతంగా తయారు చేసుకునేది. మిగిలింది మాత్రమే నేరుగా తిన్న నూనె, నెయ్యిది. కాబట్టి అన్నానికి పాత్ర లేదనలేం, అన్నమే అంతా అనీ అనలేం. 2011లో జర్మనీలో ఒక గుంపుకు పిండి పదార్థాలు, ఇంకో గుంపుకు కొవ్వు పదార్థాలు తగ్గించి ఆరు నెలలు చూశారు, రెండు గుంపుల్లోనూ లివర్ కొవ్వు ఇంచుమించు ఒకే మాదిరి తగ్గింది. ముఖ్యం బరువు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 దాటితే మచ్చ కూడా వెనక్కి రావచ్చు. మీకు 7 శాతం అంటే ఆరు కేజీలకు కొంచెం తక్కువ.

గిత్త గారూ, మీరు మొదటి నెలలో ఎంత తగ్గారు?

గిత్త (ఒంగోలు):

మొదటి నెల ఏడు కేజీలు.

స్కానింగ్ గది:

అది ఎక్కువండి. అందులో కొంత నీరే పోయి ఉంటుంది కానీ, వారానికి ఒక కేజీకి మించి తగ్గకుండా చూసుకోమంటారు. మరీ వేగంగా తగ్గితే లివర్ వాపు పెరగొచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కడుపు మాడ్చుకొని పది కేజీలు తగ్గి, నొప్పితో వచ్చి మా బల్ల మీద పడుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

గిత్త (ఒంగోలు):

ఒప్పుకుంటా, మా డాక్టరు కూడా అదే అన్నారు, రెండో నెల నుంచి నెమ్మదించా. కానీ జర్మనీ సంగతి మీద నా మాట వినండి. అక్కడ ఆ మనుషుల్ని ఆరు నెలలు వెంటబడి చూసుకున్నారు, ఏం తిన్నారో అడిగారు, రాయించారు. మనింట్లో గోంగూర పచ్చడి ముందు కూర్చున్నప్పుడు వెంట ఎవరుంటారు? కోవూరు అమ్మగారి ఇంట్లో ఆవిడ ఉన్నారు. నేను ఉద్యోగరీత్యా ఒక్కణ్నే ఉంటా, వండుకునేది నేనే, వడ్డించుకునేది నేనే. అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ఇదే, నా కూర నేనే వండుకుంటా. నా చేతిలో గరిటె ఉంటే అది ఆగదు. అందుకే ఇంట్లో బియ్యమే పెట్టుకోలేదు.

కోవూరు కోడలు:

అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను బాబూ. ఒక్కడివే ఉండి వండుకుంటున్నావంటే నీ పద్ధతి నీకు సరైనదే. ఇల్లున్నవాళ్లకు మాత్రం అది కుదరదని ఇప్పటికీ అంటాను.

రొయ్యలగుంట:

నా సంగతి వినండి, మీ ఇద్దరి వాదనకూ అడ్డం తగులుతుంది. నా ఎత్తు 174, బరువు 61. సన్నగా ఉంటాను. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల కాడ పని. రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) చూసుకోవాలి, కరెంటు పోయిన నిమిషంలో జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఒక కంపెనీ ఉద్యోగానికి మెడికల్ టెస్టులంటే వెళ్లా, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. నేను నమ్మలేదు. లావుగా ఉన్నవాళ్లకు కదా వచ్చేది అనుకున్నా. అన్నం నేను తినేదే ఒక పూట.

తర్వాత కూర్చొని లెక్కేస్తే తెలిసింది. నిద్ర ఆపుకోవడానికి రాత్రికి మూడు కూల్‌డ్రింకులు తాగేవాణ్ని, చిన్న సీసాలే. 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. మూడింటికి 78. ఆ పైన బిస్కెట్ ప్యాకెట్లు. పగలంతా నిద్ర, నడక లేదు. అన్నం మానమని నాకు చెబితే ఏం ఉపయోగం?

స్కానింగ్ గది:

తమ్ముడూ, సన్నగా ఉన్నవాళ్లకు కూడా వస్తుంది, మనవాళ్లలో ఇది బాగానే కనిపిస్తుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజ్, దాన్ని ఎక్కువగా సర్దుకోవాల్సింది లివరే, కొవ్వుగా మార్చేదీ లివరే. కూల్‌డ్రింకులు ఆపేయండి, పండ్ల రసాలు కూడా అంతే, పండు తినండి, రసం తాగొద్దు. మీలాంటి వాళ్లు 3 నుంచి 5 శాతం తగ్గినా గుణం కనిపిస్తుంది. కండ పెంచే వ్యాయామం చెయ్యండి. థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి, సన్నగా ఉన్నప్పుడు వేరే కారణం ఉందేమో చూడటం ముఖ్యం. నిద్ర ఆపుకోవడానికి కాఫీ తాగండి, చక్కెర లేకుండా. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చకట్టడం తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది.

పెన్నాగట్టు (నెల్లూరు):

అందరికీ ధన్యవాదాలు. ఫిబ్-4 లెక్క చూశాక రాత్రి నిద్రపట్టింది, నిజంగా చెప్తున్నా.

రొయ్యలగుంట తమ్ముడు రాసింది చదివి నేనూ లెక్కేశాను. కొట్లో బియ్యం శాంపిళ్లు తూచే చిన్న కాటా ఉంది, దాన్ని ఆదివారం ఇంటికి తెచ్చా. ఎప్పటిలాగే వడ్డించమని మా ఆవిడకు చెప్పి, తినే ముందు తూచా. మధ్యాహ్నం అన్నం 480 గ్రాములు. రాత్రి 400. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు చొప్పున రెండు పూటలకు 1150 దాకా అవుతోంది. పొద్దున దోసెలు వేరే. మా ఆవిడ కాటా వైపు చూసి "ఇంతా?" అంది. నాకూ తెలియదు, ఇన్నేళ్లూ రెండు గరిటెలే అనుకుంటున్నా.

అంతకంటే నన్ను భయపెట్టింది టీ. కొట్లో రోజుకు ఐదు టీలు, రెండేసి స్పూన్ల చక్కెర, మొత్తం 50 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు మించకూడదని ఉంది. నేను టీలోనే రెండింతలు తాగుతున్నా. సాయంత్రం బజ్జీలు, ఆదివారం మలై కాజా ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇది చూశాక నా అభిప్రాయం గట్టిపడింది. నేను మానాల్సింది అన్నం కాదు, కళ్లు మూసుకొని తినడం. గిత్త తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు, నీ దారి తప్పు అనడం లేదు.

గిత్త (ఒంగోలు):

కోపం ఏముందన్నా. కాటా మూడు నెలలు ఇంట్లో ఉంటే అప్పుడు నమ్ముతా. కొత్తలో అందరూ తూస్తారు.

కనిగిరి మెట్ట:

ఇందాకటి నుంచి చదువుతున్నా. మాది మెట్ట ప్రాంతం, మా తాత కాలంలో అన్నం పండగకే, మిగతా రోజుల్లో జొన్న సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం. ఇప్పుడు పట్నంలో జనాలు కొర్రలు కేజీ వంద రూపాయలు పెట్టి కొనుక్కొని, అది తింటే లివర్‌లో కొవ్వు కరిగిపోతుందని చెప్పుకుంటున్నారు. రైతుకు మంచిదే, నేనూ కొర్ర వేస్తా. కానీ నిజం చెప్పాలి. వంద గ్రాముల కొర్రల్లో కేలరీలు బియ్యానికి ఇంచుమించు సమానం. పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, అంతవరకే. కొర్రన్నం కూడా 480 గ్రాములు తింటే ఫలితం అంతే. షుగర్‌లెస్ బియ్యం అని అమ్మే ఆర్‌ఎన్‌ఆర్ 15048 కూడా అంతే, దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే వేగం) తక్కువ, కేలరీలు తక్కువ కాదు.

మా తాత సంకటి ముద్ద ఎంత ఉండేదో తెలుసా, రెండు చేతులా పట్టుకునేంత. కానీ ఆయన పొద్దున నాలుగింటికి నాగలి కట్టేవాడు. హమాలీల గురించి అన్న చెప్పాడు చూడండి, అదే అసలు సంగతి. ఈ చర్చ మొత్తంలో అన్నం గురించి వంద మాటలు, కాళ్ల గురించి ఒక్క మాట లేదు.

స్కానింగ్ గది:

మంచి మాట. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేట్టు నడవమంటారు. బరువు అసలు తగ్గకపోయినా వ్యాయామంతో లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది. ఇంకొకటి, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ కాదు, గుండె. నడక రెంటికీ పనికొస్తుంది.

పొదలకూరు నిమ్మ:

ఇన్ని లెక్కలెందుకు. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండి, నేల ఉసిరి పసరు, తిప్పతీగ రసం కలిపి నలభై రోజులు తాగితే లివర్ కడిగినట్టు అవుతుంది. మా ఊళ్లో చాలామంది తాగుతున్నారు. ప్రకృతి ఇచ్చింది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

కందుకూరు పంతులమ్మ:

అన్నయ్యా, నిమ్మకాయ నీళ్ల వరకూ నాకు అభ్యంతరం లేదు. మిగతాదాని గురించి మా నాన్న సంగతి చెప్తాను, దయచేసి పూర్తిగా చదవండి.

మా నాన్నకు ఫ్యాటీ లివర్ అన్నారు, పెద్ద ఇబ్బంది లేదు, ఎస్‌జీపీటీ 60 ఉండేది. ఎవరో చెప్పారని ఒకచోట నుంచి లివర్ పొడి తెచ్చుకున్నారు. ప్లాస్టిక్ కవర్లో కట్టిన ఆకుపచ్చ పొడి, పైన పేరు లేదు, లోపల ఏముందో రాయలేదు. రెండు నెలలు మానకుండా వేసుకున్నారు. ఒక రోజు పొద్దున ముఖం కడుక్కొని వచ్చి కుర్చీలో కూర్చుంటే కిటికీ వెలుతురులో ఆయన కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. టెస్టు చేయిస్తే బిలిరుబిన్ (కామెర్లను చూపే అంకె) 14. చెన్నై తీసుకెళ్లాం, పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ పంతొమ్మిది రోజులూ నేను కారిడార్‌లో కూర్చొని ఆ పొడి కవర్‌ని చేతిలో పట్టుకొని ఉన్నాను, డాక్టర్లు అడిగితే చూపించడానికి. బతికారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, అదీ నిజమే. ఆ వాదన వాళ్లు చూసుకుంటారు. కానీ ఇప్పటికే కొవ్వుతో ఉన్న లివర్ మీద, లోపల ఏముందో తెలియని దాన్ని నలభై రోజులు పొయ్యమని దయచేసి ఎవరికీ చెప్పొద్దు.

పొదలకూరు నిమ్మ:

మీ నాన్నగారి సంగతి చదివాక మనసు అదోలా అయిందమ్మా. మా ఇంట్లో నేనూ తాగుతున్నా. ఈ వారం ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు రక్తపరీక్ష) చేయించుకుంటాను. అది చూసేదాకా ఆపేస్తున్నాను.

రొయ్యలగుంట:

వారానికి ఒక బీరు పర్వాలేదా? గుంటల కాడ పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, తప్పదు.

స్కానింగ్ గది:

లివర్‌లో కొవ్వు ఉన్నంతకాలం అసలు వద్దు తమ్ముడూ. తప్పదు అనేది ఏమీ లేదు, డాక్టరు వద్దన్నాడని చెప్పు.

పెన్నాగట్టు (నెల్లూరు):

మాత్రలతో తగ్గదా అని మా అమ్మ అడగమంది. ఇంకో సందేహం, చేపల పులుసు తినొచ్చా? నెల్లూరులో ఉండి ఇది అడక్కపోతే ఎట్టా.

స్కానింగ్ గది:

మందులు ఉన్నాయి. సారోగ్లిటజార్‌కు ఈ జబ్బు కోసం మన దేశంలో 2020లో అనుమతి వచ్చింది, రెస్మెటిరోమ్‌కు అమెరికాలో 2024 మార్చిలో వచ్చింది. ఎవరికి అవసరమో డాక్టరు చెప్పాలి, అవి వాడినా తిండి, నడక తప్పవు. చేపలు తినండి, వేపుడు కాకుండా పులుసు.

కోవూరు కోడలు:

పులుసు మంచిదే, కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. చేపల పులుసు చేసిన రోజు అన్నం కొలత ఎవరింట్లోనూ ఆగదు. అందులోనూ రెండో రోజుకి మామిడికాయ ముక్కలో పులుసు దిగి, చిక్కబడి ఉంటుంది చూడండి, మా ఆయన ముందు ఏ నియమమూ నిలవదు. నేను చేసేది ఒకటే. చేప ముక్కలు మూడు వేస్తాను, ఒకటి కాదు. ముందు ముక్క తినమంటాను. అన్నం మాత్రం ఆ రోజు తక్కువ వండుతాను. గిన్నెలో లేకపోతే ఎవరూ అడగరు. నూనె పైన తేలేంత పోయొద్దు, పులుసు రుచి చింతపండు, మెంతుల్లో ఉంది, నూనెలో లేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):

పద్నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను.

బరువు 82 నుంచి 76.4. నడుము 102 నుంచి 95. ఎస్‌జీపీటీ 78 నుంచి 41, ట్రైగ్లిజరైడ్స్ 168, మూడు నెలల షుగర్ 5.7. స్కానింగ్ ఇప్పుడే వద్దు, ఇంకో మూడు నెలలు ఆగి చేద్దామన్నారు డాక్టరుగారు. ఈసారి ఆయన్ని కాటా లెక్కల కాగితంతో కలిశాను, పావుగంట మాట్లాడారు.

ఏం చేశానంటే, మధ్యాహ్నం అన్నం 250 గ్రాములు, రాత్రి 150. రాత్రి పెరుగన్నం ఒక్కటే, దానికి ముందు గిన్నెడు కూర, రెండు గుడ్లు. పప్పుతో, పులుసుతో, పచ్చడితో విడివిడిగా కలుపుకోవడం మానేశా, పూటకు ఒక్కటే. గిత్త తమ్ముడు రాసిన నాలుగు గరిటెల మాట నాకు బాగా పనికొచ్చింది, ఆ మాట చదవకపోతే అన్నం ఎక్కడ పెరుగుతోందో నాకు తెలిసేదే కాదు. టీ రోజుకు రెండే, చక్కెర లేకుండా. మొదటి పది రోజులు కషాయంలా ఉంది, ఇప్పుడు ఎవరైనా చక్కెర వేసిస్తే తాగలేకపోతున్నా. పొద్దున ఐదున్నరకు వీఆర్‌సీ గ్రౌండ్‌లో నలభై ఐదు నిమిషాలు, వారానికి ఐదు రోజులు. కొట్లో గంటకోసారి లేచి గోడౌన్ చివరి దాకా వెళ్లొస్తున్నా.

తప్పిన రోజులు ఉన్నాయి. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో మూడు రోజులు కాటా మాటే లేదు, కేజీన్నర పెరిగాను, దాన్ని దించడానికి మూడు వారాలు పట్టింది. ఉలవపాడు మామిడిపళ్లు వచ్చిన నెలలో రోజుకు అర పండుతో ఆపడం అన్నం తగ్గించడం కంటే కష్టమైంది.

మొదట్లో ఏడ్చిన మా అమ్మే ఇప్పుడు కాటా మీద గిన్నె పెట్టి తూస్తోంది. ఆవిడకు అంకెలు సరిగా కనపడవు, మా పాపని పిలిచి చదివిస్తుంది. 250 అని పాప అరిస్తే, ఒక చెంచా తీసి పక్కన పెడుతుంది.

గిత్త (ఒంగోలు):

అన్నా, చాలా సంతోషం. మనస్ఫూర్తిగా చెప్తున్నా. అయినా నా మాట మీదే నేనున్నా. పద్నాలుగు వారాలు వేరు, ఏడాది వేరు. నేను ఇప్పటికీ అన్నం ముట్టలేదు, 80 దగ్గర ఉన్నా. వచ్చే సంక్రాంతికి మీ బరువు ఇక్కడ రాయండి, నాదీ రాస్తా.

పెన్నాగట్టు (నెల్లూరు):

తప్పకుండా తమ్ముడూ. కనుమ రోజు పొద్దున, తినకముందు తూచుకొని రాస్తా. నువ్వూ ఆ రోజే రాయి.

కోవూరు కోడలు:

మా ఆయన బరువు కూడా రాస్తాను. పండక్కి అరిసెలు మాత్రం తక్కువే చేస్తున్నా, ముందే చెప్పేశాను ఇంట్లో.